వరుస తప్పిన నాలుగు కార్డులు

దత్తాంశాన్ని ఆరోహణ క్రమంలో అమర్చే పద్ధతులను మీరు ఇంతకుముందు పాఠాల్లో ఒక్కొక్కటిగా నేర్చుకున్నారు. బబుల్ సార్ట్, సెలెక్షన్ సార్ట్, ఇన్సర్షన్ సార్ట్, క్విక్ సార్ట్, మెర్జ్ సార్ట్ అనే పేర్లు మీకు పరిచయమే. అయితే పని ఎదురైనప్పుడు వీటిలో దేన్ని ఎంచుకోవాలి? ముఖ్యంగా, మన చేతికి వచ్చిన జాబితా ఇప్పటికే చాలావరకు వరుసలో ఉండి, ఎక్కడో నాలుగు అంశాలు మాత్రం తప్పి ఉంటే ఏది తగిన పద్ధతి? ఈ ప్రశ్నకు జవాబు నాకు పుస్తకంలో కంటే ఒక కార్డుల పెట్టె దగ్గర బాగా అర్థమైంది. అందుకే ఆ పెట్టె సంగతి మీకు చెబుతాను.

1. పెట్టె సంగతి

మాది జంషెడ్‌పూర్‌లోని కద్మా. మా నాన్నగారు శ్రీకాకుళం జిల్లా నుంచి ఉక్కు కర్మాగారంలో పనికోసం ఇక్కడికి వచ్చారు. అప్పట్లో ఈ ఊరు బీహారులో ఉండేది. 2000 నవంబరు 15న జార్ఖండ్ రాష్ట్రం ఏర్పడినప్పుడు అందులో చేరింది. 1919 వరకు దీని పేరు సాక్చి. ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి మా నాన్నగారిలాగా వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఈ ఊళ్లో చాలా ఉన్నాయి. కద్మాలో గణేశ్ పూజా మైదానం వైపు సాయంత్రం నడిచి వెళితే తెలుగు మాట చెవిన పడకుండా ఉండదు.

నేను లెక్కల ఉపాధ్యాయుడిగా పనిచేసి విరమించాను. ఆ తర్వాత మా వీధివాళ్లం కొందరం కలిసి రక్తదాతల జాబితా ఒకటి నడుపుతున్నాం. దీనికి పేరూ లేదు, బోర్డూ లేదు. ఒక చెక్క పెట్టె, అందులో 180 అట్ట కార్డులు, నా ఇంటి ఫోను. అంతే మా సరంజామా. ఒక్కో కార్డు మీద ఒక దాత పేరు, ఫోను నంబరు, ఆ దాత మళ్లీ ఎప్పటినుంచి రక్తం ఇవ్వవచ్చునో ఆ తేదీ ఉంటాయి. రక్తం గ్రూపును బట్టి కార్డు పై అంచుకు రంగు కాగితం అంటించాం. బి పాజిటివ్‌కు నీలం, ఓ నెగటివ్‌కు ఎరుపు, ఇలా.

మన దేశంలో 2020లో సవరించిన నియమాల ప్రకారం పురుషులు ఒకసారి రక్తం ఇచ్చాక 90 రోజులు, స్త్రీలు 120 రోజులు ఆగాలి. అందుచేత కార్డులను పేర్ల వరుసలో కాక, మళ్లీ ఇవ్వగల తేదీ వరుసలో పెట్టాం. అందరికంటే ముందుగా అర్హత వచ్చినవారు పెట్టెలో ముందుంటారు. రాత్రి పదకొండింటికి ఎవరైనా తలుపు తట్టినా, ముందునుంచి చూసుకుంటూ పోయి కావలసిన రంగు కనబడగానే ఫోను చేయవచ్చు.

ఈ పెట్టె ఎవరికి అవసరమో కూడా చెప్పాలి. మా వెనక వీధిలో ఆరేళ్ల బాబు ఉన్నాడు. వాడికి తలసేమియా. మూడు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. అంటే ఏడాదికి సుమారు 17 సార్లు. ఒక పురుషుడు ఏడాదికి నాలుగుసార్లకు మించి ఇవ్వలేడు. కాబట్టి ఒక్కసారికి ఒక్క దాత చాలనుకున్నా, ఆ ఒక్క బిడ్డకే కనీసం ఐదుగురు కావాలి. వారి తేదీలు సరిగా తెలిసి ఉండాలి. వాళ్లమ్మ మా ఇంటికి వచ్చి, "మాస్టారూ, ఈసారి ఎవరి వంతండీ?" అని అడిగినప్పుడు నేను పెట్టె తెరిచి చెప్పగలగాలి. తడుముకోకూడదు.

2. చేతితో చేసే పద్ధతి

ఒక దాత ఈ రోజు రక్తం ఇచ్చాడనుకుందాం. అతని కార్డు బయటికి తీసి, పాత తేదీ కొట్టేసి కొత్త తేదీ రాస్తాను. ఇప్పుడు దాన్ని ఎక్కడ పెట్టాలి? మిగతా 179 కార్డులు వరుసలోనే ఉన్నాయి. వాటిని కదిలించే పని లేదు. పెట్టె చివరినుంచి వెనక్కి చూసుకుంటూ వస్తాను. నా చేతిలోని తేదీ కంటే తర్వాతి తేదీ ఉన్న కార్డును దాటుతాను. అంతకు ముందుదో, అదే తేదీదో కనబడగానే ఆగి, దాని వెనక ఈ కార్డు దోపుతాను.

ఇందులో ఒక చిన్న విశేషం ఉంది, గమనించండి. ఇచ్చినవారు స్త్రీ అయితే కొత్త తేదీ ఈ రోజుకు 120 రోజుల తర్వాత. పెట్టెలో అంతకంటే దూరపు తేదీ ఉండదు. జబ్బుచేసి మరికొంతకాలం ఆగవలసినవారి కార్డులు వేరే అరలో ఉంచుతాం. కాబట్టి ఆమె కార్డు సూటిగా చివరికి పోతుంది. పురుషుడైతే తేదీ 90 రోజుల తర్వాత. అప్పుడు అతని కార్డు దాటవలసినవి ఏవి? గత 30 రోజుల లోపల రక్తం ఇచ్చిన స్త్రీల కార్డులు మాత్రమే. వారు ఆరుగురుంటే ఆరు కార్డులు దాటి, ఏడవ కార్డు దగ్గర ఆగుతాను. 180 కార్డుల పెట్టెలో ఏడు పోలికలతో పని పూర్తయింది.

మీరు చదువుకున్న ఇన్సర్షన్ సార్ట్ ఇదే. పేకముక్కలు చేతిలో సర్దుకునేవారంతా తెలియకుండానే దీన్ని వాడుతుంటారు.

ఇక్కడ కాసేపు ఆగి ఒక కాగితం తీసుకోండి. ఈ ఆరు సంఖ్యలు రాయండి: 12, 15, 19, 23, 31, 27. చివరి రెండే తారుమారయ్యాయి. ఇన్సర్షన్ సార్ట్‌తో అమర్చుతూ పోలికలు లెక్కపెట్టండి. 15ను 12తో, 19ను 15తో, 23ను 19తో, 31ను 23తో పోలుస్తాం. ఇవి నాలుగు. 27ను 31తో పోల్చి ముందుకు జరిపి, 23తో పోల్చి ఆగుతాం. మొత్తం ఆరు.

ఇప్పుడు మొదటి అంశాన్నే ఇరుసుగా తీసుకునే క్విక్ సార్ట్‌తో చేయండి. 12ను మిగతా ఐదింటితో పోల్చాలి. దానికంటే చిన్నది ఒక్కటీ లేదు. అంటే ఇన్ని పోలికలు చేసినా జాబితా రెండు ముక్కలు కాలేదు, ఒక్క అంశం మాత్రం తగ్గింది. తర్వాత 15ను నాలుగింటితో, 19ను మూడింటితో, 23ను రెండింటితో, చివరికి 31ను 27తో పోలుస్తాం. మొత్తం పదిహేను. ఆరు అంశాలకు ఇంతకంటే ఎక్కువ పోలికలు రావు.

3. తారుమారు జతలు

జాబితా ఎంత వరుసలో ఉందో కొలవడానికి ఒక కొలమానం ఉంది. పెద్దది ముందు, చిన్నది వెనక ఉన్న ప్రతి జతను ఒక తారుమారు జత అందాం. పై ఉదాహరణలో అలాంటి జత ఒక్కటే. అది 31, 27. పూర్తిగా వరుసలో ఉన్న జాబితాలో ఇవి సున్న. పూర్తిగా తలకిందులైన జాబితాలో ప్రతి జతా తారుమారే. 180 కార్డులకు 180ని 179తో గుణించి రెండుతో భాగిస్తే 16,110 జతలు వస్తాయి. కార్డులు కిందపడి బాగా కలిసిపోతే సగటున ఇందులో సగం, అంటే 8,055 తారుమారు జతలు ఉంటాయి.

ఇన్సర్షన్ సార్ట్ చేసే పోలికలు, అంశాల సంఖ్యలో ఒకటి తగ్గించి, తారుమారు జతల సంఖ్య కలిపితే వచ్చేదానికి మించవు. నా పెట్టెలో పది తారుమారు జతలు ఉంటే 179, 10 కలిసి 189 పోలికలు చాలు. అదే పెట్టెను సెలెక్షన్ సార్ట్‌తో అమర్చితే 16,110 పోలికలు తప్పవు. ఎందుకంటే ఉన్న వరుసను ఆ పద్ధతి అసలు పట్టించుకోదు. మెర్జ్ సార్ట్‌కు 180 అంశాల మీద సుమారు 650 నుంచి 1,185 వరకు పోలికలు కావాలి. అది ఎప్పుడూ మరీ చెడిపోదు. కానీ మామూలుగా రాసిన మెర్జ్ సార్ట్ దాదాపు వరుసలో ఉన్న జాబితా నుంచి పూర్తి లాభం కూడా పొందదు.

బబుల్ సార్ట్ సంగతేమిటని మీరు అడగవచ్చు. మార్పిడి ఒక్కటీ జరగని విడతతో ఆపేసేలా రాస్తే, కొన్ని జాబితాల మీద అదీ బాగానే నడుస్తుంది. కానీ అన్నిటికంటే చిన్న తేదీ ఉన్న కార్డు పొరపాటున చివరికి చేరిందనుకోండి. విడతకు ఒక్క అడుగు చొప్పునే అది ముందుకు రాగలదు. 179 విడతలు పడుతుంది, 16,110 పోలికలవుతాయి. ఇన్సర్షన్ సార్ట్‌కు అదే జాబితా మీద 357 పోలికలే. వరుస తప్పిన కార్డు ఒక్కటే అయినా రెండు పద్ధతుల మధ్య ఇంత తేడా ఉంది.

4. నేల మీద కుప్పలు

లెక్కలు ఇలా ఉన్నా, పద్ధతి ఎంపికలో పోలికల సంఖ్య ఒక్కటే ముఖ్యం కాదు. దీన్ని నేర్పిన సంఘటన ఒకటి చెబుతాను.

నేను పెళ్లికని ఊరికి వెళ్లినప్పుడు పెట్టె బాధ్యత ఒక యువకుడు తీసుకున్నాడు. చురుకైనవాడు, సాయం చేయాలనే మనసున్నవాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం అతను పెట్టె మొత్తం ఖాళీచేసి, కార్డులను నెలలవారీగా నేల మీద కుప్పలు పోశాడు. ఒక్కో కుప్పను విడిగా సర్ది మళ్లీ కలుపుదామని అతని ఆలోచన. బాగా కలిసిపోయిన కార్డులకైతే అది మంచి పద్ధతే. కాని కుప్పలు నేల మీద ఉండగానే ఫోను మోగింది. ఆ బాబుకు రక్తం కావాలి. నీలం అంచు కార్డులు ఏ కుప్పలో ఎక్కడున్నాయో తెలియదు. తొందరలో చేతికందిన కార్డు తీసి ఒకాయనకు ఫోను చేశారు. ఆయన పనిమానుకుని వెళ్లాడు. ఆయన రక్తం ఇచ్చి అప్పటికి 70 రోజులే అయిందని తేలి, అక్కడివారు వెనక్కి పంపారు. ఇంకొక దాత దొరికేసరికి మరునాడయింది. బాబుకు రక్తం ఒకరోజు ఆలస్యంగా ఎక్కింది. ఆ రోజంతా వాడు మంచం దిగలేదని వాళ్లమ్మ చెప్పింది.

ఆ యువకుడిని ఎవరూ ఏమీ అనలేదు. అతను ఇప్పటికీ మాతోనే ఉన్నాడు. కాని ఈ సంగతిలో ఒక పాఠం ఉంది. కొన్ని పద్ధతులు పని మొత్తం ముగిసేదాకా ఫలితం ఇవ్వవు. మధ్యలో ఆపితే జాబితా మొదటికంటే అధ్వాన్నంగా ఉంటుంది. నేను కార్డులు దోపే పద్ధతి అలాంటిది కాదు. కొత్త అంశం వచ్చిన కొద్దీ దాన్ని దాని చోట చేర్చుతుంది. చేతిలోని ఒక్క కార్డు తప్ప మిగతా పెట్టె ఏ క్షణంలోనైనా వరుసలోనే ఉంటుంది. కబురు ఎప్పుడు వస్తుందో తెలియని పనికి ఈ గుణం ఎంతో అవసరం.

మరొక గుణం నిలకడ. ఒకే తేదీ ఉన్న రెండు కార్డుల్లో ముందు వచ్చినది ముందే ఉండాలి. నేను సమానమైన తేదీ దగ్గర ఆగి దాని వెనకే దోపుతాను కనుక ఈ క్రమం చెడదు. సమానమైనదాన్ని కూడా దాటితే చెడుతుంది. సాధారణంగా రాసే క్విక్ సార్ట్‌లో ఈ నిలకడ ఉండదు. ఇది చిన్న విషయంలా కనబడవచ్చు. కాని ఒకేరోజు రక్తం ఇచ్చిన ఇద్దరిలో ప్రతిసారీ ఒకరికే ముందు ఫోను వెళితే, "నన్నే పిలుస్తారేమండీ?" అనే మాట వస్తుంది. దాతల మనసు నొచ్చుకుంటే పెట్టె నడవదు.

5. కంప్యూటర్‌లో ఇదే పని

మా పక్కింటి అమ్మాయి డిగ్రీలో కంప్యూటర్ సైన్సు చదువుతోంది. కార్డుల వివరాలన్నీ కంప్యూటర్‌లో ఎక్కించి పైథాన్ భాషలో ఒక ప్రోగ్రాం రాసింది. మొదటి అంశాన్ని ఇరుసుగా తీసుకునే క్విక్ సార్ట్ స్వయంగా రాసుకుంది. 180 పేర్లకు అది కన్ను మూసి తెరిచేలోగా పూర్తయింది. కంప్యూటర్‌కు పదహారు వేల పోలికలు లెక్కలోనివి కావు. కాబట్టి చిన్న జాబితాకు ఏ పద్ధతి అయినా సరిపోతుందని నేనూ ఒప్పుకుంటాను.

కాని ఆ అమ్మాయి అక్కడితో ఆగలేదు. "మాస్టారూ, లక్ష పేర్లుంటేనో?" అని, వరుసలో ఉన్న లక్ష తేదీలు తయారుచేసి ప్రోగ్రాంకు ఇచ్చింది. ప్రోగ్రాం ఆగిపోయింది. కారణం మీరు ఊహించే ఉంటారు. ఒక్కో పిలుపుతో ఒక్క అంశమే తగ్గుతుంది గనుక ఆ ఫంక్షన్ తనను తాను దాదాపు లక్షసార్లు లోపల లోపలే పిలుచుకోవాలి. పైథాన్‌లో ఆ లోతుకు మామూలుగా 1,000 హద్దు. హద్దు లేకపోయినా సుమారు 500 కోట్ల పోలికలు చేయవలసి వచ్చేది. ఇన్సర్షన్ సార్ట్‌కు అదే జాబితా మీద లక్షకు ఒకటి తక్కువ పోలికలు చాలు.

క్విక్ సార్ట్ చెడ్డదని దీని అర్థం కాదు. టోనీ హోర్ 1959లో మాస్కోలో విద్యార్థిగా ఉన్నప్పుడు దాన్ని ఆలోచించారు. రష్యన్ వాక్యాల్లోని పదాలను అకారాది క్రమంలో పెట్టడం ఆయనకు అవసరమైంది. బాగా కలిసిపోయిన దత్తాంశం మీద అది చాలా వేగంగా పనిచేస్తుంది. దాదాపు వరుసలో ఉన్న జాబితాకు వాడవలసివస్తే, మొదటి అంశాన్ని కాక మధ్య అంశాన్ని గాని, యాదృచ్ఛికంగా ఎంచిన అంశాన్ని గాని ఇరుసుగా తీసుకోవాలి.

6. కొత్త కట్ట వచ్చినప్పుడు

ఒక్కోసారి శిబిరం జరిగి 40, 50 మంది ఒకేరోజు ఇస్తారు. ఒక్కొక్క కార్డునూ పెట్టెలో దోపడం అప్పుడు తగదు. కొత్త కట్టను విడిగా సర్దుకుని, పెట్టెలోని వరుసను, ఈ వరుసను పక్కపక్కన పెట్టి, రెండింటి మొదటి కార్డులను పోల్చుతూ ముందు తేదీది తీసుకుంటూ పోతాం. మెర్జ్ సార్ట్‌లో కలిపే భాగం ఇదే. ఆ పద్ధతిని జాన్ వాన్ నాయ్‌మన్ 1945లో రూపొందించారు. మరొకసారి సోనారి వైపునుంచి వచ్చిన కట్టలో కార్డులు తలకిందుల వరుసలో ఉన్నాయి. దాన్ని ఇన్సర్షన్ సార్ట్‌కు ఇస్తే అన్నిటికంటే ఎక్కువ పని. కట్టను తిరగేస్తే ఒక్క క్షణంలో వరుస కుదిరింది.

విచిత్రమేమంటే, ఇవే ఉపాయాలు కలిపి 2002లో టిమ్ పీటర్స్ పైథాన్ కోసం ఒక పద్ధతి తయారుచేశారు. దాన్ని టిమ్‌సార్ట్ అంటారు. జాబితాలో ఇప్పటికే వరుసలో ఉన్న ముక్కలను అది గుర్తిస్తుంది. తలకిందులుగా ఉన్న ముక్కను తిరగేస్తుంది. మరీ చిన్న ముక్కలను ఇన్సర్షన్ సార్ట్‌తో పెంచుతుంది. ఆపైన ముక్కలను కలుపుతుంది. నిలకడ కూడా చెడదు. 2011లో వచ్చిన జావా 7లో వస్తువుల జాబితాలకు దీన్నే స్వీకరించారు. 2022లో వచ్చిన పైథాన్ 3.11లో ముక్కలను కలిపే వరుసను ఇంకా మెరుగుపరిచారు. మా పక్కింటి అమ్మాయి ఇప్పుడు తన ప్రోగ్రాంలో పైథాన్ ఇచ్చే ఈ సదుపాయాన్నే వాడుతోంది. చెక్క పెట్టె మాత్రం నా బల్ల మీదే ఉంది. కరెంటు పోయిన రాత్రి కూడా అది తెరుచుకుంటుంది.

కాబట్టి పద్ధతి ఎంచుకునేముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. నా జాబితాలో తారుమారు జతలు ఎన్ని ఉండవచ్చు? పని మధ్యలో జాబితా ఎవరికైనా కావలసివస్తుందా? సమానమైన అంశాల పాత క్రమం నిలవాలా? వీటికి జవాబులు దొరికితే పద్ధతి పేరు దానంతటదే తేలుతుంది.

ఆలోచించండి

1. 5, 8, 9, 14, 20, 3 అనే జాబితాలో తారుమారు జతలు ఎన్ని? ఇన్సర్షన్ సార్ట్‌కు, బబుల్ సార్ట్‌కు ఎన్నేసి పోలికలు పడతాయో లెక్కించండి.

2. పై వ్యాసంలో పురుష దాత కార్డు గత 30 రోజుల్లో ఇచ్చిన స్త్రీల కార్డులనే ఎందుకు దాటుతుందో మీ మాటల్లో వివరించండి.

3. మీ ఇంట్లోగాని, మీరు పనిచేసే చోటగాని దాదాపు వరుసలో ఉండే జాబితా ఒకటి గుర్తించండి. దానికి మీరు ఏ పద్ధతి ఎంచుకుంటారో కారణాలతో ఒక పేజీ రాయండి.